వెబర్ కొనేముందు ఒకసారి బానెట్ ఎత్తండి బాబూ

మన సాఫ్టువేరు జనాలకి ఒక జబ్బుంది. సర్వర్ నెమ్మదిగా ఉందంటే కోడ్ చూడరు, ర్యామ్ పెంచమంటారు. అదే బుద్ధి ఇప్పుడు పాత కార్ల మీద పడింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి కదాని ఊళ్ళో షెడ్డులో దుమ్ము పట్టిన అంబాసిడర్‌ని బయటికి లాగడం, మర్నాడే "మామా, దీనికి రెండు వెబర్ 45లు బిగిస్తే ఎగురుద్ది" అనడం. ఈ డైలాగు కనీసం అరడజను మంది నోట విన్నాను. అందులో ఒకడు నేనే కాబట్టి తిట్టే హక్కు నాకుంది :)

అంబాసిడర్ ఇంజన్ని నేను చులకన చెయ్యడం లేదు. 1959 నుంచి దానికి వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజను బీఎంసీ వాళ్ళ బి-సిరీస్. 1955లో ఇంగ్లండులో దిగిన ఎంజీఏ స్పోర్ట్స్ కారు గుండెకాయ కూడా అదే 1489 సీసీ బి-సిరీస్. అంటే మన నారాయణఖేడ్ పెళ్ళిళ్ళలో పూలదండలేసుకుని తిరిగిన బండి ఒక స్పోర్ట్స్ కారుకి తోడబుట్టిందే అన్నమాట. ఎంజీఏకి ఒకటిన్నర అంగుళాల ఎస్‌యూ కార్బ్యురేటర్లు రెండు, మొదట్లో 68 హార్స్‌పవర్, కొద్దికాలానికి 72. మన దానికి ఒక్కటే చిన్న ఎస్‌యూ, యాభై చిల్లర హార్స్‌పవర్. ఇది చదవగానే మనవాడి బుర్రలో బల్బు వెలుగుతుంది: తేడా అంతా కార్బ్యురేటర్లదే! కాదు నాయనా. కంప్రెషన్ వేరు, ఎగ్జాస్టు వేరు. అవి ముట్టుకోకుండా పైన పెద్ద మూతి తగిలిస్తే దగ్గు తప్ప ఏమీ రాదు.

ఇంకో తమాషా చూడండి. వెబర్ డీసీఓఈ అంటే ఒక్కోదానికి రెండు గొంతులు. రెండు వెబర్లంటే నాలుగు గొంతులు, సిలిండరుకొకటి. వినడానికి ఎంత బావుందో! కానీ బి-సిరీస్ హెడ్‌కి గాలి లోపలికి పోయే దారులు రెండే. 1, 2 సిలిండర్లకి కలిపి ఒకటి. 3, 4కి కలిపి ఇంకోటి. నాలుగు గొంతులు తెచ్చి రెండు రంధ్రాలకి ఎలా పెడతావురా? పైగా ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2. రెండో సిలిండరు పీల్చిన వెంటనే ఒకటోది అదే దారిలో పీలుస్తుంది, ఆ తర్వాత ఆ దారి చాలాసేపు ఖాళీ. ఒకళ్ళ కంచంలో ఇంకొకళ్ళు చెయ్యిపెట్టే వ్యవహారం అది. దాన్ని గొంతులు పెంచి బాగుచెయ్యలేం. ఈ సంగతి తెలియాలంటే ఇంటర్నెట్ అక్కర్లేదు, బానెట్ ఎత్తి మానిఫోల్డ్ వైపు చూస్తే చాలు. నేను చూడలేదు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక 45 కొని, రెండోదానికి డబ్బులు జమచేస్తూ ఊరికి పట్టుకెళ్ళాను.

మా బాపు హయాం నుంచీ ఆ బండి చూసే మెకానిక్ కాక డబ్బా విప్పి, తిప్పి తిప్పి చూసి, "గిది రేసు బండికి పెట్టేది బిడ్డా, మనది పెండ్లి బండి" అన్నాడు. నాకు ఎక్కడో కాలింది.

లెక్క వేసుంటే కాలేది కాదు. 1.489 లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను 4500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3350 లీటర్లు తోడాలి (రెండు చుట్లకి ఒకసారే పీలుస్తుంది కదా, అందుకని సగం). పూర్తిగా నిండదు కాబట్టి 80 శాతం వేసుకుంటే 2680 లీటర్లు. కార్బ్యురేటర్ పెట్రోలుని లాగేది గాలి వేగంతో పుట్టే పీల్పు వల్ల. గొంతు మరీ పెద్దదైతే బరాత్ వెనక నడిచే వేగంలో గాలి బద్ధకంగా కదులుతుంది, పెట్రోలు పొగమంచులా రాదు, చుక్కలుగా కారుతుంది. ఇంకా, 45 అన్నది థ్రాటిల్ దగ్గర కొలత, లోపలి చోక్ ట్యూబ్ మారుస్తారు. అంటే 40 కొనాలా 45 కొనాలా అని కొట్టుకోవడం కన్నా లోపల ఏ చోక్, ఏ మెయిన్ జెట్, ఏ ఎయిర్ జెట్ అన్నది అసలు ప్రశ్న. ప్రతిదీ విడిగా కొనాలి, విడిగా పరీక్షించాలి. ఎస్‌యూలో ఆ గోల తక్కువ. గాలి ఎంత కావాలంటే పిస్టన్ అంత లేస్తుంది, దానికి వేలాడే సూది ఒకే జెట్‌లో పైకీ కిందికీ ఆడుతుంది. స్కిన్నర్ సోదరులు నూరేళ్ళకి పైనే అయింది ఇది కనిపెట్టి.

సరే, వెబర్ పక్కనపెట్టి ఎస్‌యూనే ట్యూన్ చేద్దామన్నాడు కాక. ఇక్కడ ఇంకో వర్గం వాళ్ళని కూడా తిట్టాలి: "పాత మెకానిక్కులు చెవితోనే ట్యూన్ చేస్తారండీ, దైవదత్తం" అనే భావుకుల్ని. ఏం దైవదత్తం? ఆయన ముందు ట్యాపెట్లు సెట్ చేశాడు. పాయింట్ల గ్యాప్ ఫీలర్ గేజ్ పెట్టి చూశాడు. టైమింగ్ చూశాడు. డ్యాంపర్‌లో ఆయిల్ పోశాడు. ఇవన్నీ అయ్యాకే జెట్ కింది నట్టు ముట్టాడు. పిస్టన్‌ని కొంచెం ఎత్తితే ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరి. ప్లగ్గు విప్పి రంగు చూశాడు. మనం డీబగ్గింగ్ అని పేరుపెట్టి జీతం తీసుకునేది దీనికేగా!

"ప్లగ్గు తెల్లగుంది బిడ్డా, ఇంకో రెండు పలకలు దింపుదాం" అన్నాడు. దింపితే పెట్రోలు ఎక్కువవుతుంది. నేను అడ్డం పడ్డాను. మనది దక్కను పీఠభూమి, ఐదారు వందల మీటర్ల ఎత్తు, ఇక్కడ గాలి పల్చన, మిశ్రమం దానంతటదే చిక్కబడుతుంది, కాబట్టి తగ్గించాలి... అని షాపులో కుర్రాళ్ళ ముందు పెద్ద లెక్చరు. పైగా ఫోన్లో ఇంగ్లండు వాళ్ళ పట్టిక. "నీకు తెల్వదు కాకా, ఇది లెక్క" అని కూడా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నట్టు నేనే పైకి తిప్పాను.

నా లెక్క తప్పు కాదు, సగం లెక్క. ఆ ఎత్తుకి మిశ్రమంలో తేడా మూడు శాతం దాకా వస్తుందేమో. ఆ పట్టికలు రాసింది ఇథనాల్ లేని పెట్రోలుకి. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసింది. ఉత్త పెట్రోలు కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. కలిపితే సుమారు 13.5. అంటే పాత సెట్టింగ్‌లో ఎనిమిది శాతం దాకా పెట్రోలు తక్కువైనట్టు. కాకకి 13.5 తెలియదు, తెల్లటి ప్లగ్గు తెలుసు. కొత్త బండ్లలో కంప్యూటర్ సర్దుకుంటుంది. దీనికి సర్దేవాడు ఆయనే.

హైదరాబాద్ తిరుగు ప్రయాణంలో, ఏప్రిల్ ఎండలో, జోగిపేట దాటాక సైలెన్సర్ టపటపా పేలడం మొదలైంది. ముందు పెట్రోలు మరిగిందేమో అనుకుని (ఈ ఇంజనుకి ఇన్‌టేకూ ఎగ్జాస్టూ ఒకే వైపు, వేసవిలో మామూలే) పంపు మీద తడిగుడ్డ వేశాను. లాభం లేదు. ఒక ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోయింది. బండి లారీ మీద మళ్ళీ నారాయణఖేడ్‌కే చేరింది.

హెడ్ విప్పినప్పుడు కాలిన వాల్వు నా చేతిలో పెట్టి "చాయ్ తాగుదాం పా" అన్నాడు, అంతే. అదే కుర్రాళ్ళ ముందు "తప్పు నాదే కాకా" అన్నాను. ఒకడు నవ్వాడు, నవ్వనీ.

ఇప్పుడు నట్టు ఆయన చెప్పినచోట ఉంది, ప్లగ్గు బిస్కెట్ రంగులో ఉంది, బండి మొన్న మా మేనకోడలి పెళ్ళిలో ఒక్కసారి కూడా ఆగలేదు. వెబర్ డబ్బా అటక మీదుంది. ఎవరికైనా కావాలంటే అమ్ముతాను, కానీ ముందు మీ హెడ్‌కి రంధ్రాలు ఎన్నో లెక్కపెట్టి చెప్పాలి.