గరాజ్‌లో కోల్డ్ స్టోరేజీ

మా ఆడపడుచు కొడుకు అమెరికాలో ఇంట్లోనే బీరు తయారు చేసుకుంటున్నాడని తెలిసిన దగ్గర్నుంచి మా బంధువుల్లో రెండు పార్టీలయ్యాయి. "కొంపలో సారా బట్టీ పెట్టాడా!" అని పెద్దవాళ్లు. "అక్కడ మామూలే" అని పిల్లలు. నాకు ఈ రెండు మాటలూ సరిగ్గా అనిపించలేదు.

అది సారా కాదు. బార్లీ మొలకల రసాన్ని హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్‌తో పులియబెడతారు. మన కల్లూ పులిసేదే. సారా అయితే పులిసిన దాన్ని మళ్లీ బట్టీ పెట్టి దించాలి. మన దగ్గర లైసెన్సు లేకుండా బీరు చేసినా నేరమే. అక్కడ మాత్రం కార్టర్ అధ్యక్షుడిగా ఉండగా 1978లో వచ్చిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు, పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు, అంతే.

నా పేచీ బీరుతో కాదు, దాన్ని చల్లగా ఉంచే పెట్టెతో.

ఐస్‌క్రీం కొట్లలో మూత పైకి తెరిచే డీప్ ఫ్రీజర్ చూసే ఉంటారు. అలాంటిది గరాజ్‌లో పెట్టాడు. దాని మానాన వదిలేస్తే మైనస్ 18 డిగ్రీలకు పోయి అంతా గడ్డకడుతుంది. అందుకని బయట ఒక కంట్రోలర్ తగిలించాడు. లోపల 4 డిగ్రీలు రాగానే అది కరెంటు ఆపేస్తుంది, వేడెక్కితే మళ్లీ ఇస్తుంది. లోపల స్టీలు కెగ్‌లు, గ్యాసు సిలిండరు. మూతకింద చెక్క చట్రం కట్టి దానికి కుళాయిలు బిగించాడు. చల్లగా ఉంటేనే గ్యాసు బీరులో నిలుస్తుందట, లేకపోతే గ్లాసు నిండా నురగే.

గుంటూరు వాళ్లకు ఇది కొత్తేం కాదు. ఎండుమిర్చి రంగు పోకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం చూడటం మనకు తెలిసిందే. కాకపోతే అక్కడ ప్రతి టిక్కీకీ లెక్క ఉంటుంది, రైతు చేతిలో బాండు ఉంటుంది. ఈ గరాజ్ స్టోరేజీకి ఏ లెక్కా లేదు.

సీసాలైతే ఖాళీవి మూలన పడి ఉంటాయి, ఇల్లాలి కంటికి తెలిసిపోతుంది. ఒక్కో కెగ్‌లో 19 లీటర్లు. 355 మిల్లీలీటర్ల సీసాల్లో పోస్తే 53 అవుతాయి. స్టీలు డబ్బా కదా, ఎంత తగ్గిందో బయటికి కనబడదు. "కొని తాగడం కంటే ఖర్చు తక్కువ అత్తయ్యా" అంటాడు వాడు. వాడి భార్య మాత్రం ఫోన్లో మెల్లగా అంది: "కొట్టు నుంచి తెచ్చుకునే రోజుల్లో శనివారం మాత్రమే తాగేవారు అత్తయ్యగారూ. ఇప్పుడు రోజూ శనివారమే."

ఆ మాట తేలిగ్గా తీసుకోలేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టుకు ఎదురు నిలబడినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. కూలి డబ్బు ఇంటికి చేరడం లేదన్నది వాళ్ల బాధ. 1995లో నిషేధం వచ్చింది, 1997లో పోయింది. చట్టాలు వస్తాయి, పోతాయి. ఇంట్లో కనిపెట్టుకుని ఉండాల్సింది ఇంటివాళ్లే. సంపాదన బాగున్నంత మాత్రాన ఆ అవసరం తీరిపోదు.

ఫ్రీజర్ అమ్మేయమని నేను అనను. ఓపికగా చేసుకున్న పని, వాడికది సరదా. కానీ మూతమీద ఒక పలక పెట్టమంటాను. ఎవరు గ్లాసు పట్టినా ఒక గీత గీయాలి, వచ్చిన స్నేహితులతో సహా. కుళాయిలు ఐదేళ్ల పిల్లాడి చేతికి అందే ఎత్తులో ఉన్నాయి కాబట్టి వాటికి తాళాలు వేయాలి. ఒక కెగ్ అయిపోయాక ఇంకోటి తగిలించే ముందు కొన్నాళ్లు కంట్రోలర్ ఆపేయాలి. ఆ ఖాళీ రోజులు కష్టంగా గడిస్తే, సరదా అలవాటైందని వాడికే అర్థమవుతుంది.

మీ పిల్లలెవరైనా ఇలాంటిది పెట్టుకుంటే ఛీ కొట్టకండి, అలాగని మెచ్చుకుని ఊరుకోకండి. ఈ వారం ఎంత తగ్గిందో కోడలికి కూడా తెలుసా అని అడగండి.