ఒంటి ఫైలు వాదం: ఒక ఖండన

ప్రోగ్రామును, అది నడవడానికి కావలసిన లైబ్రరీలను, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన కోడు సంపుటాలను, కలిపి ఒకే ఎగ్జిక్యూటబుల్ ఫైలుగా పంపడమే ఉత్తమ పద్ధతి అన్న అభిప్రాయం నేటి సాఫ్ట్‌వేర్ రంగంలో దాదాపు నిర్వివాదంగా చెలామణీ అవుతోంది. పైథాన్ ప్రోగ్రామును పైఇన్‌స్టాలర్‌తో మూటగట్టేవారు, గో భాషలో రాసి ఒకే బైనరీగా విడుదల చేసేవారు, జావా లైబ్రరీలన్నింటినీ ‘ఫ్యాట్ జార్’ అనే ఒకే కట్టలో పోసేవారు, లినక్స్ కోసం యాప్‌ఇమేజ్ తయారుచేసేవారు పద్ధతుల్లో వేరైనా చెప్పే మాట ఒకటే: దించుకోండి, నడపండి, డిపెండెన్సీల బెడద ఉండదు. ఇందులో మొదటి రెండు మాటలు చాలావరకు నిజం, మూడోది కాదు. ఒక ప్రోగ్రాము మరొకరి కోడుపై ఆధారపడటమే డిపెండెన్సీ అయినప్పుడు, ఆ కోడు ఏ ఫైలులో ఉన్నా ఆధారపడటం తప్పదు. మారేదల్లా ఆ కోడు బాగోగులు చూసే బాధ్యత ఎవరిదన్నదే, ఆ బాధ్యత తన నెత్తికెక్కిందని మూటగట్టినవారు చాలాసార్లు గమనించనైనా గమనించరు.

ఈ వాదం ఊరికే పుట్టలేదన్నది ఒప్పుకోవాలి. లైబ్రరీని ప్రోగ్రాముతో కలిపే పని, అంటే లింకింగ్, రెండు విధాలు: తయారీ సమయంలోనే లైబ్రరీ కోడును ప్రోగ్రాములోకి నకలు చేయడం స్టాటిక్ లింకింగ్ కాగా, ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్న ఒకే ప్రతిని ప్రోగ్రాములన్నీ నడిచేటప్పుడు పంచుకోవడం డైనమిక్ లింకింగ్. ఈ రెండో పద్ధతిలో 1990లలో విండోస్ వాడినవారు పడ్డ అవస్థకే ‘డీఎల్ఎల్ హెల్’ అని పేరు. ఒక ప్రోగ్రాము తన వెంట తెచ్చిన లైబ్రరీని పాతదాని మీద రాసేస్తే, దానితో ఏ సంబంధమూ లేని మరో ప్రోగ్రాము మూలపడేది. డిస్కు స్థలం ఆదా అవుతుందన్న డైనమిక్ లింకింగ్ పాత సమర్థనకు కూడా నేడు బలం లేదు. కాని స్థలంతో పాటే ఆ పద్ధతి వల్ల కలిగే తక్కిన ప్రయోజనాలూ కాలం చెల్లాయనుకోవడం దగ్గరే ఒంటి ఫైలు వాదం దారి తప్పింది.

అసలు ‘ఒంటి ఫైలు’ అన్నదే చాలాసార్లు సగం నిజం. పైఇన్‌స్టాలర్ తయారుచేసే ఒకే ఫైలు నడిపిన ప్రతిసారీ ఒక తాత్కాలిక ఫోల్డరులో తనను తాను విప్పుకొని, అక్కడినుంచి నడుస్తుంది. భద్రత కోసం ఆ ఫోల్డరులో ప్రోగ్రాములు నడవకుండా నిషేధించిన సర్వరులో అది మొరాయిస్తుంది. లినక్స్‌లో చాలా ప్రోగ్రాములు ఆనుకొని ఉండే జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీని ఆ మూటలో చేర్చరు కనుక, కొత్త లినక్స్‌లో కట్టిన ఫైలు పాత లినక్స్‌లో తెరుచుకోకపోవచ్చు. పోనీ జీలిబ్‌సీనే స్టాటిక్‌గా కలిపితే, వెబ్ చిరునామాను అంకెల చిరునామాగా మార్చే భాగానికి నడిచే సమయంలో అదే వెర్షన్ షేర్డ్ లైబ్రరీలు కావాలని లింకరే హెచ్చరిస్తుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 22.04 ఉదంతం మరీ విచిత్రం: అప్పటి యాప్‌ఇమేజ్‌లు నడవడానికి అవసరమైన లిబ్‌ఫ్యూజ్2 లైబ్రరీ అందులో ముందుగా ఉండదు కాబట్టి, ఏ డిపెండెన్సీ లేదని ప్రకటించుకున్న ఫైళ్ళను తెరవడానికి వాడుకరులు ముందు ఒక డిపెండెన్సీని వేసుకోవలసి వచ్చింది.

ఇవన్నీ చిల్లర ఇబ్బందులని తోసిపుచ్చవచ్చు. తోసిపుచ్చరానిది భద్రతా లోపాల సంగతి. డేటాను కుదించే జెడ్‌లిబ్ అనే చిన్న లైబ్రరీలో 2002 మార్చిలో ఒక లోపం బయటపడి, 1.1.4 వెర్షన్‌తో సవరణ వచ్చింది. షేర్డ్ ప్రతిని వాడుకునే ప్రోగ్రాములన్నీ ఆ ఒక్క లైబ్రరీ మార్పుతో బాగుపడ్డాయి. తమలోనే సొంత నకలు దాచుకున్నవాటిని మాత్రం లినక్స్ పంపిణీల నిర్వాహకులు ఒక్కొక్కటిగా వెతికి పట్టుకొని తిరిగి కట్టవలసి వచ్చింది, ఆ నకళ్ళలో ఒకటి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. ఇరవై ఏళ్ళు గడిచినా ఈ కథ మారలేదు. 2021 డిసెంబరులో జావా ప్రపంచాన్ని కుదిపేసిన లాగ్‌ఫోర్‌జే లైబ్రరీ లోపానికి సవరణ వెంటనే వచ్చింది. కష్టమైనదల్లా ఆ లైబ్రరీ ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడమే. అది జార్ లోపలి జార్‌లో ఉండవచ్చు, లేదా మూటగట్టే సమయంలో దాని ప్యాకేజీ పేరే మార్చేసి ఉండవచ్చు, అలాంటప్పుడు పేరుతో వెతికే ఏ సాధనానికీ అది చిక్కదు. బొమ్మలను తెరమీదికి తెచ్చే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో 2023 సెప్టెంబరులో లోపం బయటపడినప్పుడు, క్రోమ్ బ్రౌజరుకు సవరణ వచ్చినంత మాత్రాన ఎలక్ట్రాన్ పద్ధతిలో క్రోమ్‌కు మూలమైన క్రోమియంను కడుపులో పెట్టుకున్న డెస్క్‌టాప్ అప్లికేషన్లకు ఒరిగిందేమీ లేదు. ప్రతి తయారీదారూ విడివిడిగా కొత్త విడుదల ఇవ్వవలసి వచ్చింది, ఇవ్వనివారి వాడుకరులకు ప్రమాదం ఉన్నట్టు కూడా తెలియదు.

దీనికి ఎదురుగా నిలబెట్టదగిన ఉదాహరణ తెలుగు లిపికే సంబంధించినది. 2018 ఫిబ్రవరిలో జకారం కింద ఞ వత్తు చేర్చి, కంటికి కనిపించని ఒక విడదీత సంకేతం పెట్టి, ఆపైన దీర్ఘమిచ్చిన అక్షర క్రమం ఐఫోన్ తెరమీదికి రాగానే అప్లికేషన్లు కుప్పకూలాయి. లోపం ఏ ఒక్క అప్లికేషన్‌దీ కాదు. అక్షరాలను గీసే కోర్‌టెక్స్ట్ అనే ఉమ్మడి లైబ్రరీది. ఆ నెల 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేయగానే, ఆ నవీకరణ వేసుకున్న ఫోనులో వాట్సాప్ మొదలుకొని ఆ లైబ్రరీని వాడే ప్రతి అప్లికేషనూ, తన తయారీదారు ఒక్క అక్షరం మార్చకుండానే, బాగుపడింది. ఉమ్మడి లైబ్రరీ కాబట్టే అన్నీ ఒకేసారి కూలాయని ఒంటి ఫైలు వాదులు ఎత్తిచూపవచ్చు, ఆ మాట నిజమే. అయితే ప్రతి అప్లికేషనూ కోర్‌టెక్స్ట్ నకలును తన వెంట తెచ్చుకొని ఉంటే కూలడంలో పెద్ద తేడా ఉండేది కాదు, నకలు చేసుకునేది ఆ లోపమున్న కోడునే కదా. తేడా వచ్చేది బాగుపడటంలో, తయారీదారులు వదిలేసిన అప్లికేషన్లు ఈనాటికీ అదే అక్షరానికి కూలుతూ ఉండేవి.

లోపమేమీ లేకపోయినా, లోకం మారినందువల్లనే చెడిపోయే డిపెండెన్సీలు కొన్ని ఉన్నాయి, వీటి ఊసు ఈ చర్చల్లో అరుదుగా వస్తుంది. దేశదేశాల కాలమాన నియమాల పట్టిక వాటిలో ఒకటి. 2022 అక్టోబరు చివర్లో మెక్సికో తన భూభాగంలో అధిక భాగానికి వేసవి సమయాన్ని రద్దు చేసింది. అంతకుముందే కాలమాన పట్టికను తనలో మూటగట్టుకొని, దాన్నే నమ్ముకున్న ప్రోగ్రాము 2023 ఏప్రిల్ నుంచి ఏటా వేసవి నెలల్లో మెక్సికో నగరపు సమయాన్ని గంట ముందుకు చూపిస్తుంది, ఏ దోష సందేశమూ ఇవ్వకుండా. వెబ్‌సైట్ల గుర్తింపును ధ్రువీకరించే మూల సర్టిఫికెట్లదీ ఇదే దారి: 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ అంతవరకు ఊతంగా వాడుకున్న పాత మూల సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు, కొత్త సర్టిఫికెట్ లేని పాత జాబితాలను మోస్తున్న ప్రోగ్రాములు పక్కాగా ఉన్న వెబ్‌సైట్లను సైతం నమ్మడం మానేశాయి.

లైబ్రరీ కొత్త వెర్షన్ వస్తే తమ ప్రోగ్రాము పాడవుతుందన్న భయం ఒంటి ఫైలు వాదానికి మిగిలిన గట్టి ఊతం. ఆ భయానికి జవాబు ఏనాడో దొరికింది. పాత ప్రోగ్రాములతో పొసగని మార్పు చేస్తే లైబ్రరీ పేరులోని అంకెనే మార్చడం యూనిక్స్ సంప్రదాయం, దానివల్ల పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉండగలవు. డెబియన్ స్థిర విడుదల వంటివాటిలో కొత్త వెర్షన్‌కు పోకుండా భద్రతా సవరణను మాత్రమే పాత వెర్షన్‌కు అతికిస్తారు. విండోస్ సైతం ఎక్స్‌పీ నాటికి ఒకే లైబ్రరీ పలు వెర్షన్లను పక్కపక్కన ఉంచే ఏర్పాటు చేసుకుంది. కొందరు రచయితలకు ఈ క్రమశిక్షణ విసుగు పుట్టిస్తుంది. ఆ విసుగు న్యాయమైనదే కావచ్చు, కాని దాని ఖర్చును వాడుకరి మీదికి నెట్టి, ఆ నెట్టడానికి సౌలభ్యం అని పేరు పెట్టడమే అన్యాయం.

ఒంటి ఫైలు తగిన చోట్లు లేవని కాదు. లైబ్రరీలే దెబ్బతిన్న కంప్యూటరును బతికించడానికి వాడే స్టాటిక్ బిజీబాక్స్, ఒకసారి నడిపి పారేసే సాధనం, విడుదలలన్నీ తన చేతిలోనే ఉండి లోపం బయటపడిన రోజే తిరిగి కట్టగల సంస్థ నడిపే సేవ, ఇవి ఆ కోవలోవి. మాడ్యూల్ పద్ధతిలో కట్టే ప్రతి గో బైనరీలో అందులో కలిసిన మాడ్యూళ్ళ పేర్లు, వెర్షన్లు నమోదవుతున్నాయి, ఇది మెచ్చదగిన పని. భారత ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ కూడా 2024లో సాఫ్ట్‌వేర్‌లోని భాగాల జాబితాల తయారీపై మార్గదర్శకాలు ఇచ్చింది. కాని జాబితా ఏ లైబ్రరీ లోపల ఉందో చెబుతుందే తప్ప దాన్ని మార్చే అధికారాన్ని వాడుకరికి ఇవ్వదు. ఆ అధికారం గురించి 1991లోనే ఆలోచించినవారున్నారు: ఆ ఏడాది వెలువడిన గ్నూ లైబ్రరీ జనరల్ పబ్లిక్ లైసెన్స్ ప్రకారం, దాని కిందకు వచ్చే లైబ్రరీని తన ప్రోగ్రాములో కలిపి ఎగ్జిక్యూటబుల్‌గా పంచేవారు, వాడుకరి ఆ లైబ్రరీని సవరించి తిరిగి లింకు చేసుకోగలిగేలా తమ ప్రోగ్రాము సోర్సు కోడునో ఆబ్జెక్ట్ ఫైళ్ళనో కూడా అందుబాటులో ఉంచాలి. దించుకోండి, నడపండి అనే ప్రకటనల పక్కన ఆ ఆబ్జెక్ట్ ఫైళ్ళు కనిపించడం మాత్రం బహు అరుదు.