వాళ్లకు వార్డు చూపించండి

గత నెలలో కోనసీమ నుంచి ఒక రైతు తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. "ఎకరం కొబ్బరితోట అమ్మి కిర్గిజ్‌స్తాన్‌లో చదివించానండి డాక్టరుగారూ. ఇక్కడి స్క్రీనింగు పరీక్ష నాలుగుసార్లు తప్పాడండి. ఈలోగా ఏదైనా నర్సింగ్ హోములో డ్యూటీ డాక్టరుగా పెట్టించండి" అని వేడుకున్నారు. ఆయన మాట్లాడినంతసేపూ ఆ అబ్బాయి తల ఎత్తలేదు.

కుదరదని చెప్పాను. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేయడం నేరం. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంతకన్నా ముఖ్యం, అవతల మంచం మీద ఉన్నది ఒక ప్రాణం. అయితే కాదని చెప్పి పంపివేస్తే మన బాధ్యత తీరినట్లేనా?

ఈ పిల్లల విషయంలో మన సమాజంలో రెండు వాదాలు వినిపిస్తున్నాయి. చదువు రాక విదేశాలకు పోయారని కొందరు ఈసడిస్తారు. పరీక్ష కఠినంగా ఉంది, మార్కులు తగ్గించాలని మరికొందరు కోరుతారు. రెండూ తప్పే.

2002 నుంచి అమలులో ఉన్న ఈ ఎఫ్.ఎం.జి.ఇ. పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. 300 ప్రశ్నల్లో 150కి సరైన సమాధానం రాస్తే చాలు. తప్పు రాసినా మార్కు కోయరు. ర్యాంకుల పోటీ లేదు. సగం కూడా తెలియని వైద్యుణ్ణి మీ మనవడికి జ్వరం వస్తే పిలుస్తారా? కనుక గీత దించమనడం అన్యాయం. అలాగని, 2024 జూన్ విడత పరీక్ష రాసినవారిలో ఐదింట నాలుగు వంతుల మంది తప్పారంటే అందరూ మందబుద్ధులేనా? లోపం మరెక్కడో ఉంది.

300 మార్కుల్లో 200 క్లినికల్ సబ్జెక్టులవి. అందులో సామాజిక వైద్యానికే 30. మన టీకాల పట్టిక, క్షయ నిర్మూలన కార్యక్రమం, గర్భిణుల సంరక్షణ అందులోనివే. వరిచేలో పాము కాటు, పురుగుమందు తాగి వచ్చిన రైతుకు అట్రోపిన్ ఇచ్చే తీరు మన ఆసుపత్రుల్లో నిత్యం కనిపించేవి. భాష రాని దేశంలో, రోగితో నోరు విప్పి మాట్లాడలేక వెనుక వరుసలో నిలబడినవాడికి ఇవెలా తెలుస్తాయి?

మరి మనం చేస్తున్నదేమిటి? మళ్లీ అప్పు చేసి హైదరాబాదు కోచింగు గదిలో కూర్చోబెడుతున్నాం. పాత ప్రశ్నలు వల్లె వేయిస్తున్నాం. నాలుగుసార్లు ఫలించని పద్ధతి ఐదోసారి మాత్రం ఎందుకు ఫలిస్తుంది? కోచింగులో సమాధానం గుర్తుపట్టడం నేర్పుతారు. జబ్బును గుర్తుపట్టడం రోగి పక్కనే నేర్చుకోవాలి.

నా డిమాండు ఒక్కటే. కాకినాడలో 1958 నుంచి రంగరాయ వైద్య కళాశాల ఉంది. 2023లో రాజమహేంద్రవరానికీ ఏలూరుకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పరీక్ష తప్పిన మన పిల్లలకు అక్కడి వార్డుల్లో ఆరు నెలలు పరిశీలకులుగా నిలబడే అధికారిక అవకాశం ఇవ్వాలి. రోగి అనుమతితో చూడాలి, వినాలి. చికిత్స మాత్రం చేయరాదు. ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. పాఠం చెప్పడానికి నావంటి విశ్రాంత వైద్యులు ఉచితంగా వస్తారు.

ఇక విద్యార్థులకు నాలుగు మాటలు. మాదిరి పరీక్ష రాసి ఏ సబ్జెక్టులో బలహీనులో ముందుగా తేల్చుకోండి. సామాజిక వైద్యంతో మొదలుపెట్టండి. ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు కలిసి చదవండి. నిద్ర మానకండి, నిద్ర లేని మెదడులో చదివింది నిలవదు. బ్రతుకు మీద విరక్తి కలిగితే ఆ క్షణమే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ సహాయ కేంద్రం, ఉచితం.

తల్లిదండ్రులారా, అమ్మిన తోట లెక్క అన్నం ముందు తీయకండి. నేనూ ఒకప్పుడు ఫార్మకాలజీ తప్పినవాడినే. ఆ రాత్రి మా నాన్నగారు ఏమీ అడగకుండా పక్కన కూర్చుని భోజనం చేశారు. నన్ను నిలబెట్టింది అదే.

ఆ కోనసీమ అబ్బాయి ఇప్పుడు టీకాల రోజున వైద్యాధికారి అనుమతితో తమ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఒక పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆదివారం మా ఇంటికి వచ్చి, చూసినదంతా నాకు అప్పజెబుతున్నాడు. మొన్న వచ్చినప్పుడు తల ఎత్తి మాట్లాడాడు.