బిల్లులో కనిపించని ఉప్పు

ఆ మధ్య ఒక సోమవారం ఓపీకి ఓ పెద్దాయన ఆయాసంతో వచ్చారు. గుండె బలహీనంగా ఉన్న మనిషి. మందులు మానలేదు, పచ్చళ్ల జోలికి పోలేదు. మరి ఈ రెండ్రోజుల్లో ఏం తిన్నారని అడిగితే, శనివారం మనవడి పుట్టినరోజుకి పిజ్జా తినడానికి వెళ్లామని కోడలు చెప్పింది. 'మామూలు చోటు కాదు డాక్టర్‌గారూ, నలుగురికి నాలుగు వేలైంది. అంతా ఫ్రెష్' అంది.

మనం పొరబడేది అక్కడే. కట్టెల పొయ్యి, సోర్‌డో, ఇటలీ చీజ్ అని మెనూలో చూడగానే ఒంటికీ మంచిదనే నమ్మకం కుదురుతుంది. శుభ్రత, రుచి బాగుండొచ్చు, కాదనను. పొయ్యి మారితే ఉప్పు తగ్గదు కదా!

పిజ్జాకు పుట్టిల్లయిన నేపుల్స్‌లోని పిజ్జా సంఘం నియమాల ప్రకారం పిండి కలిపే లీటరు నీటికి 40 నుంచి 60 గ్రాముల ఉప్పు వేయాలి. లెక్క కడితే ఒక పిజ్జాకు పట్టే పావుకిలో పిండిముద్దలోనే దాదాపు 4, 5 గ్రాములు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజు మొత్తానికి చెప్పేది 5 గ్రాముల లోపే. చీజ్, సాస్, ఆలివ్‌లు ఇంకా పడనే లేదు. ఆవకాయలో ఉప్పు నాలుకకు తెలుస్తుంది, పిండిలో కలిసిపోయింది తెలియదు.

10, అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లు మెనూలో క్యాలరీలు చూపాలన్న నిబంధన 2022 జులై నుంచి ఉంది. ఒకటో రెండో శాఖలున్న ఖరీదైన చోట్లు చాలావరకు దాని పరిధిలోకి రావు. పైగా మెనూ మీద కనిపించాల్సింది క్యాలరీలే, ఉప్పు కాదు. ఇంటికొక బీపీ మనిషి ఉన్న మన దగ్గర ముందు రాయాల్సింది ఉప్పేనని నా అభిప్రాయం.

వెళ్లొద్దని చెప్పను. మేమూ వెళ్తాం, కాకపోతే నేను మెనూ పట్టుకుంటే మా పిల్లలు లాక్కుంటారు. మనిషికొకటి కాకుండా ఇద్దరికొక పిజ్జా తెప్పించుకోండి. గార్లిక్ బ్రెడ్, పెపరోనీ, ఎక్స్‌ట్రా చీజ్ వదిలేయండి. డబ్బు పోసి కొన్నామని మిగిలిన ముక్కలు పెద్దవాళ్ల పళ్లెంలో వేయకండి.

గుండె జబ్బున్నవారు మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రండి. మా పెద్దాయన ఆదివారం రాత్రంతా మూడు దిండ్లు ఆనుకుని కూర్చునే ఉన్నారట. పుట్టినరోజు సరదా పాడవుతుందని ఎవరికీ చెప్పలేదు.