ఇంటిపేరును పొడి అక్షరం చేయకండి

ఇటీవల ముళబాగిలు ప్రాంతపు తెలుగు దంపతులు ఇద్దరు బెంగళూరులోని నా కార్యాలయానికి వచ్చారు. కొడుకుకు తాతగారి పేరు పెట్టుకొంటున్నారు. జనన ధ్రువపత్రంలో ఎలా వ్రాయించాలన్నది వారి సందేహం. తాతగారి పేరు నెహ్రూ. "దానికి అర్థమేమిటండీ?" అని తల్లి అడిగింది. "చెబుతానమ్మా, ముందు మీ ఇంటిపేరు చెప్పండి" అన్నాను. తండ్రి ఒక ఇంగ్లీషు అక్షరం చెప్పాడు. ఆ అక్షరం వెనుక పుంగనూరు వైపు ఊరొకటి ఉన్నదని తెలుసుకొనడానికి అతడు ఇంటికి ఫోను చేసి తల్లిని అడగవలసివచ్చింది.

నెహ్రూ అన్నది కూడ ఇంటిపేరే. 18వ శతాబ్ది తొలినాళ్ళలో కాశ్మీరు నుండి ఢిల్లీకి వచ్చిన కౌల్ కుటుంబం కాలువ ఒడ్డున నివసించింది. కాలువను అక్కడ ‘నహర్’ అంటారు. కౌల్-నెహ్రూ కాలక్రమాన నెహ్రూగా మిగిలిందని జవాహర్‌లాల్ తన ఆత్మకథలో వ్రాశారు. స్వాతంత్ర్యోద్యమ కాలం నుండి తెలుగువారు గాంధీ, బోస్, ఠాగూర్ వంటి ఇతరుల ఇంటిపేర్లను బిడ్డలకు ప్రేమతో పెట్టుకొన్నారు. అది మన ఔదార్యం. తప్పు పట్టవలసిన పని లేదు. అయితే పరుల ఇంటిపేరును నిండుగా వ్రాసి, మన ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించడం న్యాయమా?

తెలుగు ఇంటిపేర్లలో అనేకం ఊరి పేర్లు. మనం ఎక్కడినుండి కదలివచ్చామో చెప్పే సాక్ష్యాలవి. తిరుత్తణి ప్రాంతం 1960లో చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి పోయింది. అక్కడ పుట్టిన రాధాకృష్ణన్ ఇంటిపేరులో మాత్రం నెల్లూరు సీమలోని సర్వేపల్లి నేటికీ నిలిచి ఉన్నది. ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య పూర్వులది గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం. 2022లో బెంగళూరులో మొదలైన రైల్వే టెర్మినల్‌కు ఆయన పేరే పెట్టారు. అక్కడ దిగే ప్రయాణికులలో ఎందరికి ‘ఎం’ అంటే మోక్షగుండమని తెలుసు? చిత్తూరు చెంతనున్న కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి గారు మైసూరు రాజ్యంలో ఆచార్యులుగా, విద్యాశాఖాధికారిగా పనిచేసి, సి.ఆర్. రెడ్డిగా ప్రసిద్ధులైనారు. కట్టమంచిలో ‘సి’ ఎక్కడున్నది? ఇంగ్లీషు వర్ణక్రమం ఇచ్చిన పొడి అక్షరం తెలుగు ఊరిని పూర్తిగా మరుగుపరచింది.

ఇది కేవలం అభిమానానికి సంబంధించిన విషయం కాదు. 2023 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆనాటినుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు వరకు జనన ధ్రువపత్రమే ఆధారం. పాస్‌పోర్టు దరఖాస్తులో పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు వేరొక గడి ఉంటాయి. చిన్ననాడు పొడి అక్షరంతో సరిపెట్టినవారు ఆ గడిలో ఏమి వ్రాయాలో తోచక తండ్రి పేరునో కులం పేరునో నింపుతున్నారు. అప్పుడు అన్నకు ఒక ఇంటిపేరు, తమ్ముడికి మరొకటి! ఆపై ప్రమాణపత్రాలు, పత్రికా ప్రకటనలు, నావంటి న్యాయవాదుల చుట్టూ తిరుగుళ్ళు.

కనుక సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు నా మనవి. బిడ్డ పేరు నమోదు చేయించేటప్పుడే ఇంటిపేరును పూర్తిగా వ్రాయించండి. బిడ్డలందరికీ ఇంగ్లీషులో ఒకే వర్ణక్రమం పాటించండి. పేరు లేకుండా జననం నమోదై ఉంటే, తరువాత చేర్చుకొనే వీలును 1969 నాటి జనన మరణ నమోదు చట్టపు 14వ సెక్షన్ కల్పించింది. ఆలస్యం చేయకండి. తమ భాషాసంస్కృతులను కాపాడుకొనే హక్కును రాజ్యాంగపు 29వ అధికరణం మనకు ఇచ్చింది. ఇంటిపేరు ఆ సంస్కృతిలో భాగమే. దానిని నిలుపుకొనడానికి ఉద్యమాలు అక్కరలేదు, దరఖాస్తు నింపే చేయి జాగ్రత్తపడితే చాలు.

ఆ దంపతుల బిడ్డ నెహ్రూయే. కాని అతని పేరుకు ముందు ఇప్పుడు పుంగనూరు సీమలోని ఊరు పూర్తిగా ఉన్నది. మీ ఇంటి పొడి అక్షరం దేనికి గుర్తో, చెప్పగల పెద్దలు ఉండగానే అడిగి వ్రాసిపెట్టుకోండి.