మంచానికి ముందు పుల్ల

స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌కు 30 కిలోమీటర్ల దూరంలో, ఒక సరస్సు ఒడ్డున నేస్ అనే ఎస్టేటు ఉంది. నూట యాభై ఏళ్ళ కిందట అక్కడ చెక్కపని నేర్పే బడి మొదలైంది. ఆ బడి తయారుచేసిన పాఠాల వరుసలో మొట్టమొదటి వస్తువు ఒక పుల్ల. చిన్నపిల్లలు అక్షరాల మీద ఆనించి చదువుకునే పుల్ల. దాన్ని చెయ్యడానికి చేతికిచ్చే పనిముట్టు చాకు ఒక్కటే. చిత్రిక, ఉలి ఆ తర్వాతే. ఆ వరుసలో మొత్తం 50 వస్తువులు. పుల్ల తర్వాత మొక్క పక్కన గుచ్చే కర్ర, దారం చుట్టుకునే చెక్క, ఇంకొన్నాళ్ళకు గొడ్డలి కామ, ఆ తర్వాత పీట. బల్లలూ బీరువాలూ చివరెప్పుడో వస్తాయి.

నేను మంచంతో మొదలుపెట్టాను. రాజమండ్రిలో కలప అడితికి వెళ్ళి, ఎండిన వేప దుంగ చూసి, కోయించి తెచ్చుకున్నాను. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, పైన పలకలు. కాగితం మీద చాలా తేలికగా ఉంది. పట్టె కొస కోడులో దిగడానికి ఎనిమిది బెజ్జాలు తొలవాలి. మొదటి బెజ్జమే ఒక నూలు వెడల్పు ఎక్కువ వచ్చింది. దానికి చెక్క చీలిక కొట్టి సర్దాను. నాలుగో బెజ్జానికి వచ్చేసరికి ఉలి మొద్దుబారింది. సాన పట్టడం రాదు. బలం పెట్టి కొడితే కోడు అంచు చీలింది. రెండు నెలల తర్వాత మంచం మీద ఎవరు పక్కకు తిరిగినా కిర్రుమంటుంటే, మా వీధి చివర ఉండే పెద్దాయన్ని పిలిచాను. డెబ్భై దాటిన వడ్రంగి. కూర్చుని, కోడు పట్టుకుని ఊపి చూశారు.

"ఎవరు చేశారండి ఇది?"

"నేనే ఆచారిగారూ."

"చెక్క మంచిదే తెచ్చారండి. బెజ్జం తొలవడమంటే మాకు నాలుగో ఏడు చేతికొచ్చే పని. మీరు మొదటి రోజే పట్టుకున్నారు."

మొదటి ఏడంతా వాళ్ళ నాన్న ఆయనకు ఉలి ఇవ్వలేదట. సాన పట్టించారు, పాత చెక్కల్లో మేకులు పీకించారు, రంపం గీత మీద నడిపించారు. నేను నేస్ గురించి చదివింది ఆ తర్వాతే. చదువుతుంటే ఆచారిగారి మాటే మళ్ళీ వినబడింది. తేడా ఒకటుంది. ఆచారిగారి నాన్న ఆ వరుసను తన కొడుక్కి నేర్పారు. నేస్‌వాళ్ళు దాన్ని ఎవరి పిల్లలకైనా నేర్పేలా రాసిపెట్టారు.

ఆ కథ ఫిన్లాండ్‌లో మొదలవుతుంది. యూనో సిగ్నేయస్ అనే పాస్టరు ఆ దేశపు పల్లె బడులకు రూపం ఇచ్చినవాడు. 1866లో అక్కడి చట్టం పల్లె బడుల్లో మగపిల్లలకు చేతిపనిని తప్పనిసరి పాఠం చేసింది. అటు స్వీడన్‌లో ఆగస్ట్ అబ్రహామ్‌సన్ అనే వ్యాపారి 1868లో నేస్ ఎస్టేటు కొన్నాడు. ఆయన మేనల్లుడు ఒట్టో సాలొమన్ 1872లో అక్కడ బడి తెరిచాడు. మొదట్లో సాలొమన్ ఉద్దేశం బతుకుతెరువే. చలికాలపు పొడుగు రాత్రుళ్ళలో రైతులు ఇంట్లో కూర్చుని గరిటెలు, తొట్లు, పనిముట్ల పిడులు చెక్కుకునే అలవాటు ఫ్యాక్టరీ సరుకు రావడంతో పోతోంది. దాన్ని నిలబెట్టాలనుకున్నాడు. 1877లో ఫిన్లాండ్ వెళ్ళి సిగ్నేయస్‌ను కలిశాక ఆయన ఆలోచన తిరిగింది. చెక్కపని వల్ల పిల్లవాడికి డబ్బు రాకపోయినా ఫరవాలేదు, వాడి కన్నూ చెయ్యీ బుద్ధీ కలిసి పనిచెయ్యడం రావాలి అన్నాడు. ఆ చదువుకు స్వీడిష్‌లో స్లోయ్డ్ అని పేరు. చేతి నేర్పు అన్న అర్థం వచ్చే పాత మాట నుంచి పుట్టింది.

నేస్‌లో ఆ తర్వాత టీచర్లకే శిక్షణ. ఆరేసి వారాల కోర్సులు. ఆడా మగా ఇద్దరూ వచ్చారు. ఎన్నో దేశాల నుంచి వేలమంది వచ్చి, ఆ పుల్లతోనే మొదలుపెట్టి వెళ్ళారు. వాళ్ళలో గుస్టాఫ్ లార్సన్ 1888లో అమెరికా వెళ్ళి బోస్టన్‌లో ఈ చదువు నాటాడు. మన శాంతినికేతన్ నుంచి లక్ష్మీశ్వర్ సిన్హా కూడా నేస్ వెళ్ళి నేర్చుకుని వచ్చాడు.

సాలొమన్ పెట్టిన నియమాల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నవి చెబుతాను. ఒక వస్తువును మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే చెయ్యాలి. నువ్వు కొయ్యి, వాడు చిత్రిక పడతాడు, ఇంకొకడు మేకు కొడతాడు అనే పంపకం కుదరదు. గీత గీసిన చెయ్యే కొయ్యాలి. తప్పు ఎక్కడ పడిందో అప్పుడే తెలుస్తుంది. చేసిన వస్తువు ఇంట్లో వాడకానికి పనికిరావాలి, అందానికి అలమరలో పెట్టుకునేది కాకూడదు. అది పిల్లవాడిదే, ఇంటికి పట్టుకుపోతాడు. అన్నిటికన్నా కష్టమైన నియమం టీచరుకు పెట్టాడు. పిల్లవాడి చేతిలోని ముక్కను టీచరు ముట్టుకోకూడదు. చూపించాలంటే వేరే ముక్క తీసుకుని చూపించాలి. మా అమ్మాయి చాకు పట్టుకున్నప్పుడు ఈ నియమం ఎంత కష్టమో తెలిసింది. "ఇలా తే, నేను సరిచేస్తా" అనే మాట నోటిదాకా వచ్చి ఆగేది.

స్లోయ్డ్ ఈ రోజుకూ స్వీడన్ బడుల్లో ఉంది. నిర్బంధ విద్యలో దానికి 330 గంటలు కేటాయించారు. చెక్క, లోహం, బట్ట అన్నీ అందులోనే, ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకే పాఠం. 2018లో హైదరాబాద్‌లో ఐకియా తెరిచాక స్వీడన్ అంటే మనకు అట్టపెట్టెలో వచ్చే బల్ల గుర్తొస్తోంది. ఆ పెట్టె విప్పి మరలు బిగించుకునే స్వీడన్ మనిషి పన్నెండేళ్ళ వయసులోనే బడిలో చెక్క కోసినవాడు. బల్ల కాలు వదులైతే ఎందుకు వదులైందో వాడికి తెలుసు.

మన దగ్గర ఇలాంటి ఆలోచన లేదనలేం. 1937 అక్టోబర్‌లో వార్ధాలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. జాకిర్ హుసేన్ కమిటీ దానికి పాఠ్యక్రమం రాసింది, వడ్రంగం కూడా అందులో ఒక పని. అయితే గాంధీజీ లెక్కలో పిల్లలు చేసిన వస్తువులు అమ్ముడుపోయి బడి ఖర్చులో కొంత రాబట్టాలి. పేద దేశంలో బడులు నడపడానికి ఆయనకు కనిపించిన దారి అది, దాన్ని తప్పుపట్టలేను. కానీ అమ్మకం మనసులో పడగానే పిల్లవాడి చేతిలోని ముక్క సరుకైపోతుంది. వంకర గరిటె ఎవరూ కొనరు. నేస్ చూపుతో చూస్తే ఆ వంకర గరిటెకూ విలువ ఉంది. తర్వాతి గరిటె ఎందుకు తిన్నగా రావాలో నేర్పేది అదే. ఈ ఒక్క విషయంలో నా ఓటు సాలొమన్‌కే.

ఆ తర్వాత 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సిఫారసుతో బడుల్లోకి సమాజోపయోగ ఉత్పాదక కార్యం వచ్చింది. ఆ పేరు మీద మా బడిలో వారానికి ఒక పీరియడ్ ఉండేది. సగం రోజులు లెక్కల మాస్టారు తీసేసుకునేవారు. మిగిలిన సగం, బజార్లో కొన్న బొమ్మ తెచ్చి చూపిస్తే మార్కులు వేసేవారు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చాకు నా చేతికి రాలేదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా, వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర గడపమని చెప్పింది. మంచి మాట. 10 రోజుల్లో ఆచారిగారి దగ్గర పిల్లవాడు చూడగలడు, చెయ్యలేడు.

మనకు ఇంకో అడ్డంకి ఉంది, స్వీడన్‌లో లేనిది. మన ఊళ్ళలో చెక్క పని ఒక కులానికి అప్పగించి ఊరుకున్నాం. నాగలి చెడితే వడ్రంగి చేసిపెట్టేవాడు, కళ్ళంలో ఆయన మేర కొలిచేవారు. మిగతా ఇళ్ళలో ఎవరూ రంపం పట్టలేదు, పట్టనక్కర్లేదనుకున్నారు. చదువుకున్నవాడు సుత్తి పడితే నామోషీ. దానివల్ల ఒక నష్టం వడ్రంగికి జరిగింది. ఆయన పనికి ఎంత సమయం పడుతుందో తెలియని మనుషులే ఆయన కూలి బేరం చేస్తూ వచ్చారు. ఎనిమిది బెజ్జాలు తొలిచాక నేను ఇంకెప్పుడూ వడ్రంగి దగ్గర బేరం ఆడలేదు.

మంచం పక్కన పెట్టి, మొదటి నుంచి మొదలుపెట్టాను. స్వీడన్ వరుసనే నేను చెయ్యక్కర్లేదు కదా. గొడ్డలి కామ మా ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు. ఏ దేశం వరుస ఆ దేశం ఇంటి అవసరాల నుంచి తయారుచేసుకోవాలన్నది సాలొమన్ కూడా ఒప్పుకున్న సంగతే. నేను రాసుకున్న వరుస ఇది: కుండీలో మొక్క పేరు రాసి గుచ్చే పుల్ల, గాలిపటం దారం చుట్టే చెక్క, చెక్క అట్లకాడ, పప్పుగుత్తి, పీట, పుస్తకం పెట్టుకునే వ్యాసపీఠం, గోడ అర. మంచం ఎనిమిదోది.

అట్లకాడ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నాకు చెక్క అర్థమైంది అక్కడే. ఇంట్లో నాన్‌స్టిక్ పెనం ఉంది, ఇనప అట్లకాడ దాన్ని గీస్తుంది, కాబట్టి ఇది నిజంగా అవసరం. పది అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు, అర అంగుళం మందం ఉన్న వేప ముక్క తీసుకున్నాను. ఈసారి పచ్చిది, చాకుకు మెత్తగా తెగుతుంది. పెన్సిల్‌తో ఆకారం గీశాను. కుడిచేత్తో చాకు పట్టుకుని, ఎడమ బొటనవేలితో చాకు వీపును ముందుకు నెట్టాలి. బలం బొటనవేలిది, దారి చూపేది కుడిచెయ్యి. ఒక్కో తోపుకు గోరంత పొట్టు లేస్తే చాలు. వేప చేదు వాసన గదంతా వస్తుంది. పిడి లావు నుంచి మెడ సన్నానికి దిగే చోట నేను చాకును మెడ నుంచి పిడి వైపుకు, అంటే ఎత్తుకు, తోశాను. పొర ఒకటి టక్కున లేచి లోపలికి చీలుకుపోయింది. చెక్కలో నార పొడవునా పోతుంది. ఎత్తు మీద నుంచి పల్లానికి తోస్తే చాకు నారను కోసుకుంటూ పోతుంది. పల్లం నుంచి ఎత్తుకు తోస్తే నార కిందకు దూరి దాన్ని పెల్లగిస్తుంది. మొద్దు ఉలితో మంచం కోడు చీల్చినప్పుడు నార సంగతి కూడా నా చేతికి తెలియదు. మంచం చేస్తున్నప్పుడు కోడు పాడైంది. అట్లకాడ దగ్గర గోరంత పొర పోయింది, కొంచెం సన్నం చేసి సర్దుకున్నాను. చిన్న వస్తువుతో మొదలుపెట్టమనడంలో ఉన్న మేలు ఇదే. తప్పు చౌకగా దొరుకుతుంది.

రెండు సాయంత్రాలు పట్టింది. ముందు అంచును రూపాయి బిళ్ళ మందానికి తెచ్చాను. వారం ఆరనిచ్చి, గరుకు కాగితం ఆఖర్న పెట్టి, కొబ్బరినూనె రాశాను. ఇప్పుడు రోజూ దాంతోనే దోసె తిప్పుతున్నాం.

పీటకు వచ్చేసరికి రంపం, మూలమట్టం అవసరమయ్యాయి. అప్పుడే కొన్నాను, అంతకుముందు కాదు. ఈ పనిలోకి వచ్చే మా స్నేహితులు చాలామంది మొదటి వారంలోనే వేలు పోసి కరెంటు మిషన్లు కొంటున్నారు. కొన్నవి డబ్బాల్లోనే ఉంటున్నాయి. నేస్ వరుసలో పనిముట్టు అవసరం పుట్టాకే చేతికొస్తుంది. ఆచారిగారు చెప్పింది కూడా అదే. "ఉలి కొనే ముందు సానరాయి కొనండి" అన్నారు. కొన్నాను. పీటకు కాళ్ళు రెండు పలకలు, పైన ఒకటి, మధ్యలో అడ్డ పట్టె. వానాకాలంలో పై పలకను నాలుగు వైపులా బిగించాను. ఎండాకాలానికి చెక్క కుంచించుకుపోయి నెర్రె ఇచ్చింది. రెండో పీటకు పలకను ఒక వైపే బిగించి, రెండో వైపు మరకు కోలబెజ్జం పెట్టి కదలడానికి చోటిచ్చాను. రెండు ఎండాకాలాలు గడిచాయి, అది బాగానే ఉంది.

మా అమ్మాయి ఇప్పుడు దారం చెక్క దగ్గరుంది. దాని రెండు కొసలూ సమానంగా లేవు. సంక్రాంతికి అదే చెక్క మీద దారం చుట్టి గాలిపటం ఎగరేసింది.

మీ ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే ఈ దసరా సెలవుల్లో ఒక పొట్టి చాకు, జానెడు వేప కొమ్మ ఇవ్వండి. చాకు పదునుగా ఉండాలి, మొద్దు చాకే జారి వేలు కోస్తుంది. చెక్కేటప్పుడు చాకు వొంటి మీదకు కాకుండా బయటికి పోయేలా చూడండి. పక్కనే కూర్చోండి. మీరూ ఒక కొమ్మ తీసుకుని చెక్కండి. వాళ్ళ చేతిలోది మాత్రం ముట్టుకోకండి.