నర్సమ్మ ఆలోచించకూడదా?

మన వాడల్లో నర్సింగు చదివిన ఆడపిల్లలు ఇవాళ చాలామంది ఉన్నారు. రాత్రి ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ చేసి, పగలు నిద్ర చంపుకుని ఎన్‌క్లెక్స్‌కి చదువుతున్నారు. అమెరికాలో నర్సు లైసెన్సు కావాలంటే రాయాల్సిన పరీక్ష అది. హైదరాబాదులోనే కంప్యూటరు ముందు కూర్చుని రాయొచ్చు. ఫీజు 200 డాలర్లు, బయటి దేశంలో రాస్తున్నందుకు ఇంకో 150 డాలర్లు. కాగితాల ఖర్చు, కోచింగు ఖర్చు వేరే. ఇంట్లో పుస్తెలు తాకట్టు పెట్టో, వడ్డీకి తెచ్చో కడుతున్నారు. అంత పెట్టి కొనుక్కుంటున్నదేంటి? బట్టీ!

2023 ఏప్రిల్ 1 నుంచి ఈ పరీక్ష తీరు మారింది. ప్రశ్నలు 85 నుంచి 150 దాకా, టైము 5 గంటలు. ప్రతి ఒక్కరికీ మూడు రోగుల కథలు ఇస్తారు, ఒక్కో రోగి మీద ఆరు ప్రశ్నలు. మందుల పేర్లు, జబ్బుల జాబితాలు వల్లిస్తే సరిపోదు. రోగిని చూసి నువ్వేం గమనించావు, దాన్నిబట్టి ఏమనుకున్నావు, ముందు ఏం చేస్తావు అని అడుగుతారు. అంటే నర్సు బుర్రకు పరీక్ష.

ఊరికే చెబితే అర్థం కాదు, ఒక బాలింతను తీసుకుందాం. కాన్పయి రెండు గంటలయింది. బీపీ 112/70. చూసినవాళ్ళు బాగానే ఉందంటారు. కానీ గంట కిందట 84 ఉన్న నాడి ఇప్పుడు 118 కొడుతోంది. పావుగంట కిందట పెట్టిన ప్యాడు పూర్తిగా తడిసిపోయింది. పొట్ట మీద చెయ్యేస్తే గర్భసంచి గట్టిగా తగలడం లేదు, మెత్తగా ఉంది, బొడ్డుకు పైగా కుడిపక్కకు జరిగి ఉంది. ఆమె "ఏదోలా ఉందమ్మా, దడగా ఉంది" అంటోంది. పక్కనున్నవాళ్ళేమో "నీరసంలే, పడుకోనియ్యి" అంటున్నారు.

ఇందులో పట్టుకోవాల్సిన గుర్తులేవి? నాడి, ప్యాడు, మెత్తటి గర్భసంచి, ఆమె కంగారు. ఇది మొదటి మెట్టు. రెండోది, వాటిని కలిపి చూడడం. రక్తం పోతున్నప్పుడు మొదట నాడి పెరుగుతుంది, బీపీ కొంతసేపు నిలబడే ఉంటుంది. అది పడిపోయేదాకా చూస్తూ కూర్చుంటే మనిషి దక్కదు. మూడోది, దేన్ని ముందు అనుమానించాలి అనేది. గర్భసంచి బిగుసుకోకపోవడమే ఇక్కడ మొదటి అనుమానం. అదే గర్భసంచి గట్టిగా ఉండి కూడా రక్తం ఆగకపోతే లోపల చిరుగు ఉందేమో అనుకోవాలి. నాలుగోది, ఏమేం చెయ్యొచ్చో చూసుకోవడం. అయిదోది, చెయ్యడం. ఒక చేత్తో కింద ఆనిచ్చి ఇంకో చేత్తో గర్భసంచిని మర్దన చెయ్యాలి. సాయానికి కేకెయ్యాలి, డాక్టరుకు కబురంపాలి. సంచి పక్కకు జరిగిందంటే మూత్రం నిండి ఉండొచ్చు, అది ఖాళీ చేయించాలి. డాక్టరును వెతుక్కుంటూ రోగిని వదిలిపెట్టి పోకూడదు. ఆరోది, చేసింది పనిచేసిందా అని మళ్ళీ చూడడం. సంచి గట్టిపడిందా, రక్తం తగ్గిందా, నాడి దిగిందా?

ఎన్‌క్లెక్స్ అడిగే ఆరు మెట్లు ఇవే. ఇందులో అమెరికా విద్య ఏముంది? ఊళ్ళల్లో తరతరాలుగా పురుళ్ళు పోసిన మన మంత్రసాని అవ్వలు కూడా పొట్ట తడిమి, మొహం చూసి, రక్తం చూసి నిర్ణయం తీసుకున్నవాళ్ళే. వాళ్ళకు తెలియనివీ ఉన్నాయి, కాదనం. కానీ చూసి ఆలోచించడం మన ఆడవాళ్ళకు కొత్త కాదు.

కొత్తగా వచ్చిందల్లా దానికి విలువ. రక్తం, పురుడు, మలమూత్రాలు మైల అని పెద్దకులాలవాళ్ళు తమ ఆడపిల్లల్ని చాలాకాలం ఈ పనికి పంపలేదు. 1898లో గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ తెరిచిన ఆసుపత్రి లాంటి మిషను ఆసుపత్రుల కాలం నుంచీ దళిత క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు ఎందరో ఆ పనిని భుజానికెత్తుకున్నారు. రోగిని అంటుకోకుండా పరీక్షించడం ఎట్లా? అంటరాదన్న చేతులే నాడి పట్టి చూశాయి. అయినా చెయ్యి మాత్రమే నీది, బుర్ర డాక్టరుది అన్నారు. "చెప్పింది చెయ్, ఎక్కువ మాట్లాడకు" అనే మాట ఇవాళ్టికీ వార్డుల్లో వినపడుతూనే ఉంది. ఆలోచించొద్దని నాలుగేళ్ళు నేర్పిన పిల్లను ఒక్కసారిగా ఆలోచించమంటే ఎక్కడినుంచి తెస్తుంది?

ఇంకో సంగతి. పుస్తకాల్లో ఒళ్ళు పాలిపోవడం, నీలం తిరగడం అని రాస్తారు. ఎవరి ఒళ్ళు? తెల్లవాళ్ళది! నల్లటి ఒంటి మీద అది పైకి తేలిగ్గా కనపడదు. కనురెప్ప లోపల, నాలుక, పెదాల లోపలివైపు, అరచెయ్యి చూడాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను కూడా నల్లవాళ్ళను మోసం చేస్తోంది. లోపల ఆక్సిజన్ పడిపోయినా పైకి బాగానే చూపించడం తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికాలోనే తేల్చారు. కాబట్టి మిషను అంకె చూసి పక్క మంచానికి పోవద్దు. ఊపిరి నిమిషంపాటు పూర్తిగా లెక్కపెట్టు. కుదురుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి కంగారుపడుతోందంటే ఆక్సిజన్ చాలడం లేదేమో చూడు. నల్లటి ఒంటిని చదవడం మనకు అమెరికా పోవడానికే కాదు, మన వాడ పీహెచ్‌సీకి కూడా కావాలి.

అందుకని మేం అడిగేది ఇది. నర్సింగు కాలేజీలు పిల్లల్ని డ్యూటీలు నింపే జీతంలేని కూలీలుగా వాడుకోవడం ఆపి, మంచం దగ్గర రోగిని పరీక్షించడం నేర్పాలి. ఎస్సీ స్టడీ సర్కిళ్ళు ఉద్యోగ పరీక్షలతోపాటు నర్సింగు లైసెన్సు పరీక్షలకూ ఉచితంగా శిక్షణ ఇవ్వాలి, అది కూడా వార్డులో చేసి చూపించే శిక్షణ.

ప్రభుత్వం వినేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. ప్రతి మండలంలో పనిచేస్తున్న నర్సు అక్కలు ఉన్నారు. కార్యకర్తలు వాళ్ళను కలవాలి. వారానికోసారి కమ్యూనిటీ హాల్లో చదువుకునే చెల్లెళ్ళతో కూర్చోబెట్టాలి. అక్క తను చూసిన ఒక రోగి కథ, పేరు బయటపెట్టకుండా చెప్పాలి. చెల్లెళ్ళు ఆరు మెట్లూ ఎక్కాలి. దీనికి ఫీజు లేదు, అప్పు లేదు. పరదేశం పోతారా, ఇక్కడే ఉంటారా అన్నది ఆ పిల్లల ఇష్టం. ఎక్కడున్నా చేతితోపాటు బుర్ర కూడా తనదేనని చెప్పగలిగే నర్సు కావాలి మనకు.